మా మరిది గడ్డం

అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ ఎయిర్‌పోర్టులో మా మరిది దామోదర్‌ని నేను గుర్తుపట్టలేదు. పట్టకపోగా, ఎవడో తాగుబోతు నా సూట్‌కేస్ మీద చెయ్యి వేశాడనుకుని నలుగురూ తిరిగి చూసేలా అరిచాను. "నేనే వదినగారూ" అన్నాడు ఆ గడ్డంలోంచి. చెవులు కప్పేసిన జుట్టు, మెడ కనబడనివ్వని గడ్డం, వాటి మధ్య పాపం ఎప్పటి బెదురు కళ్ళే.

"ఇదేం అవతారమయ్యా? సన్యాసం గానీ పుచ్చుకున్నావా?" అన్నాను.

"మీ అమ్మగారి ఆర్డరే కదండీ" అని నవ్వాడు.

అది 1980 ఫిబ్రవరి. మా చెల్లెలు ఆండాళ్‌కి ఏడో నెల వస్తోంది. అంతకు ముందు రెండు కడుపులు నిలవలేదు. ఒకటి ఐదో నెలలో పోయింది, రెండోది ఏడో నెలలో. ఈసారి డాక్టరమ్మ మంచం దిగొద్దంది. అమ్మ నెల్లూరు నుంచి రాలేని స్థితి, అందుకని ఫ్రీమాంట్‌లో మా ఆయన్ని ఆయన వంటకి వదిలేసి నేను బయల్దేరాను. రాలేకపోయినా అమ్మ నోరు ఊరుకుంటుందా? ట్రంక్ కాల్‌లో వీధి వీధంతా వినబడేలా అరిచి మరీ అల్లుడికి నియమాలు చెప్పింది. భార్య కడుపుతో ఉన్నన్నాళ్ళూ మగవాడు క్షవరం చేయించుకోకూడదు. కొబ్బరికాయ కొట్టకూడదు. శవాన్ని తాకకూడదు. ప్రాణిని చంపకూడదు.

గడ్డం వరకూ ఏ ఇబ్బందీ లేదు. అలాస్కాలో గడ్డం లేని మగవాడే వింత. వచ్చిన చిక్కల్లా చివరి నియమంతోనే. ఎందుకంటే ఆ చలికాలం మా మరిది ఉద్యోగమే తోడేళ్ళని చంపించడం.

దామోదర్ గురించి చెప్పాలి. గూడూరులో రైల్వే గార్డు కొడుకు. డాక్టర్ కావాలనుకున్నాడు, సీటు రాలేదు, తిరుపతి వెటర్నరీ కాలేజీలో చేరాడు. మొదటి ఏడు గొర్రెని కోసి చూపిస్తుంటే కళ్ళు తిరిగి పడిపోయాడట. పెళ్ళిచూపుల్లో ఈ సంగతి తనే చెప్పుకుని మా నాన్నని నవ్వించాడు. మాట ఇస్తే తప్పడు, చెబితే ఆ చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, ఇంతకు మించి గుణగణాలు వర్ణించడానికేమీ లేదు. అమెరికా వచ్చి పశువుల జబ్బుల మీద పెద్ద చదువు చదివాడు. కారిబూ దూడలకి వచ్చే రోగం గురించి ఎవరో పిలిస్తే ఒక వేసవికి ఉత్తరాదికి వెళ్ళి, ఇక అక్కడే వన్యప్రాణుల శాఖలో ఉద్యోగంలో ఉండిపోయాడు. తోటివాళ్ళు ప్రేమగా మాంసం ముక్కలు పట్టుకొచ్చి ఇస్తే థాంక్స్ చెప్పి తీసుకుని, దొడ్డిదారిన పక్కింటావిడకి ఇచ్చేసేవాడు. ఆండాళ్ బాత్‌రూమ్‌లో ట్యూబ్‌లైట్ కింద కొత్తిమీర పెంచుకునేది. అలా గుట్టుగా బతికే మనుషులు.

వెళ్ళిన మర్నాడే అడిగాను, ఏమిటయ్యా మీకు తోడేళ్ళతో పగ అని.

"పగేం లేదండీ. కారిబూ తెలుసు కదా, మన దుప్పి లాంటిదే, కాస్త భారీ మనిషి" అన్నాడు. పశువుని మనిషి అనడం అతనికి అలవాటు. "ఇక్కడ దక్షిణాన కొండల దగ్గర ఒక మంద ఉంది. ఒకప్పుడు వేలల్లో ఉండేది, ఇప్పుడు పట్టుమని నాలుగు లోయలు నిండదు. మేలో దూడలు పుడతాయి, పుట్టిన గంటకే లేచి నిలబడతాయి, ఎంత ముద్దుగా ఉంటాయో! పోయిన సెప్టెంబరులో ప్లేన్‌లోంచి చూశాను వదినగారూ. తల్లులు వరసగా నడిచి వెళుతున్నాయి. వెనకాల ఒక్క దూడ లేదు."

"అన్నీ తోడేళ్ళే తిన్నాయా?"

"మంద తగ్గింది రెండు పాడు చలికాలాల వల్లా, మనుషుల తుపాకుల వల్లా. వేట ఆపేశారు. కానీ ఇంత చిన్నదైపోయాక తోడేళ్ళు లేవనివ్వవు. నూతిలో పడ్డవాడి నెత్తిన ఇంకోడు కూర్చున్నట్టు. కొన్నేళ్ళు వాటిని తగ్గిస్తే గానీ ఇవి బతకవు."

"అంటే తిన్నవాళ్ళు తిని మూతి తుడుచుకున్నారు, పాపం తోడేలు మూతికి రాశారు" అన్నాను.

"అదీ నిజమేనండీ" అన్నాడు. మా మరిదితో వచ్చిన చిక్కే ఇది. మనం పోట్లాటకి దిగితే తను ఒప్పేసుకుంటాడు.

అంతకు ముందు చలికాలాల్లో తను కూడా చిన్న ప్లేన్‌లో వెళ్ళి తుపాకీ పట్టినవాడే. చచ్చినవాటిని షెడ్డులోకి తెస్తే కోసి, వాటి కడుపులో ఏముందో చూసేవాడు. అమ్మ ఫోన్ తర్వాత రెండూ మానేశాడు. ఆఫీసులో "ఇట్స్ రెలిజియస్" అన్నాడట. అమెరికాలో ఆ మాట అంటే ఇక ఎదురు ప్రశ్న ఉండదు. పెద్దాఫీసరు భుజం తట్టి ఇంకో పని అప్పజెప్పాడు. ఒక ఆడ తోడేలుకి మత్తు సూది వేసి, మెడకి రేడియో పట్టీ కట్టి వదిలేయడం. ఆ పట్టీ నుంచి వచ్చే చప్పుడుని పట్టుకుని అది ఎక్కడ తిరుగుతోందో చెబుతూ ఉండటం. అంతే.

"నా చేత్తో ఒక్క ప్రాణీ పోదు" అన్నాడు, అన్నం కలుపుకుంటూ, ఎంతో తృప్తిగా.

ఆండాళ్‌కి ఆ తోడేలు కాలక్షేపం. ఎంతసేపని పైకప్పు చూస్తూ పడుకుంటుంది? కిటికీ బయట మంచు తప్ప లేదు, కారుకి కూడా కరెంటు వైరు తగిలించి వెచ్చగా ఉంచాలి, లేకపోతే స్టార్ట్ అవ్వదు. అలాంటి చోట మొగుడు ఇంటికి రాగానే "ఇవాళ ఎక్కడుందండీ?" అని అడిగేది. ఇవాళ నది దాటింది అనేవాడు. ఇవాళ ఇంకో గుంపు దొరికింది, కలిసిపోయింది అనేవాడు. ఆండాళ్ మొహం విప్పారేది. రెండు మూడు రోజులకి మళ్ళీ "ఒక్కత్తే తిరుగుతోంది" అనేవాడు. "అయ్యో, మళ్ళీ వదిలేశారా దాన్ని" అని ఇది బాధపడేది. అతను పళ్ళెంలోకి చూస్తూ తినేవాడు. నాకెందుకో ఆ చూపు నచ్చలేదు.

ఒకోసారి ఆ చప్పుడు వినే రిసీవర్ ఇంటికి తెచ్చి, ఆఫీసులో మిగిలిన ఖాళీ పట్టీతో పరీక్ష చేసేవాడు. వంటింట్లో బల్ల మీద అది టక్... టక్... అని కొట్టుకునేది. నేను చారు పోపు వేస్తూ కూడా వినేదాన్ని. "ఆపవయ్యా బాబూ, ఎవరి గుండెనో బల్ల మీద పెట్టినట్టుంది" అని కసిరాను ఒకరోజు.

మార్చిలో ఆండాళ్‌ని చూపించడానికి ముగ్గురం క్లినిక్‌కి వెళ్ళాం. డాక్టరమ్మ దాని పొట్ట మీద చిన్న మైకు లాంటిది పెట్టింది. గరగరమని ఏదో మోగి, తర్వాత టకటకటకటక అని గబగబా కొట్టుకోవడం వినిపించింది. బిడ్డ గుండె! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆండాళ్ నవ్వుతోంది. దామోదర్ వైపు చూశాను. గోడకి జారగిలబడిపోయాడు, గడ్డం మధ్య మొహం సున్నం కొట్టినట్టుంది.

"వై ఈజ్ ఇట్ సో ఫాస్ట్?" అన్నాడు.

"బిడ్డ గుండె అలాగే కొట్టుకుంటుంది, హెల్తీగా ఉంది" అందావిడ.

బయటికి వచ్చాక నిలదీశాను. "పశువుల డాక్టరువి, నీకా సంగతి తెలీదా? ఆండాళ్‌కెంత భయం వేసుంటుంది!" తెలుసన్నాడు. అన్ని ప్రాణుల పిల్లల గుండెలూ వేగంగానే కొట్టుకుంటాయని బాగా తెలుసు. కానీ ఆ రేడియో పట్టీ ఒక పద్ధతిలో చేశారట. తోడేలు కదులుతున్నంత కాలం చప్పుడు మెల్లగా వస్తుంది. గంటల తరబడి కదలకుండా పడి ఉంటే, అంటే చచ్చిపోతే, చప్పుడు వేగం రెట్టింపవుతుంది.

"అంత వేగంగా వినబడితే చావు కింద లెక్క వదినగారూ. చెవికి అలా అలవాటైపోయింది" అన్నాడు. ఆ రోజు నుంచి నాకూ లోపల ఏదో దిగులు పట్టుకుంది. ఏడో నెల గడిచిందని అమ్మకి ఫోన్ చేసి చెబుతున్నప్పుడు కూడా గట్టిగా చెప్పడానికి భయం వేసింది.

ఆ దిగులుకి పేరు పెట్టినవాడు లైల్. లైల్ మా మరిదితో ఎగిరే పైలట్, ఎర్ర జుట్టు, పెద్ద నోరు, మంచివాడే. దామోదర్ అని నోరు తిరగక డామ్ అంటాడు. ఒకరోజు మధ్యాహ్నం దామోదర్‌ని దింపడానికి వచ్చి, నేనిచ్చిన కాఫీ తాగుతూ వంటింట్లో కూర్చున్నాడు. దామోదర్ బయట కారుకి వైరు తగిలిస్తున్నాడు. నేను ఊరికే మర్యాదకి అడిగాను, ఆ ఆడ తోడేలు ఎలా ఉందని.

"అదా! మా దగ్గరున్న బెస్ట్ ఎంప్లాయీ" అని పకపకా నవ్వాడు లైల్. "ఒంటరిగా ఉండలేదు కదా, వాసన పట్టి ఇంకో గుంపుని వెతుక్కుంటుంది. డామ్ చప్పుడు విని ఎక్కడుందో చెబుతాడు. మేం వెళ్ళి దాన్నొక్కదాన్నీ వదిలేసి మిగతావాటిని కాల్చేస్తాం. అది మళ్ళీ ఏడ్చుకుంటూ ఇంకో గుంపుని వెతుక్కుంటుంది. వెతికే పని మాకు లేదు. ఈ చలికాలం ఎన్ని గుంపులు తీసుకొచ్చి ఇచ్చిందో!"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఇంటిగుట్టు లంకకు చేటు అని వినడమే గానీ, గుట్టు విప్పుతున్నానని తెలియని విభీషణుడిని అప్పుడే చూశాను. వెనక్కి తిరిగేసరికి మంచం దిగకూడని మనిషి గుమ్మం పట్టుకుని నుంచుని ఉంది.

లైల్ వెళ్ళేదాకా ఆండాళ్ ఆ గుమ్మం వదల్లేదు. దామోదర్ లోపలికి వచ్చి బూట్లు విప్పుతుంటే అడిగింది. "నాకు రోజూ చెప్పిన కథలన్నీ ఇవేనా?"

"నేను కాల్చలేదు ఆండాళ్. నియమం తప్పలేదు."

"పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. బాగుందయ్యా నీ నియమం!" అని నేను అందుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. "తుపాకీ వాడిదైతే వేలు చూపించింది నీది కాదూ?"

అతను నా వైపు తిరిగి మొదటిసారి ఎదురు చెప్పాడు. "మరి దూడల సంగతేమిటి వదినగారూ? అవి ప్రాణులు కావా? ఎటు చూసినా ఏదో ఒకటి పోతుంది. ఎవరో ఒకరు చెయ్యాలి కదా."

ఆండాళ్ కిందకి చూస్తూ, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని అంది. "నాకు మీ లెక్కలు తెలీవు. ఇప్పటికి రెండు పోగొట్టుకున్నాను. దానికి కూడా ఎవరూ మిగలడం లేదు. దాన్ని వదిలెయ్యండి. ఇక దాని జోలికి పోనని మాటివ్వండి."

అతను రెండో బూటు కూడా విప్పి పక్కన పెట్టాడు. తర్వాత వచ్చి ఆండాళ్ చేతిలో చెయ్యి వేశాడు. "నువ్వు కనేదాకా దాని జోలికి పోను. ఎవర్నీ పోనివ్వను." ఆండాళ్ కళ్ళు తుడుచుకుంది. ఆ మాటకి నేనూ సంతోషించాను.

ఏప్రిల్ మొదట్లో ఆఫీసులో పట్టీ చప్పుడు తప్పిపోయిందని చెప్పేశాడు. బాటరీ పోయి ఉంటుంది అన్నాడట. జీవితంలో అబద్ధం ఆడని మనిషి కాబట్టి అందరూ నమ్మారు. కానీ తను మాత్రం ఒంటరిగా కారేసుకుని కొండ రోడ్డు మీదకి వెళ్ళి వింటూ ఉండేవాడు. అప్పటికే కడుపుతో ఉన్న ఆ తోడేలు చివరికి ఒక మగదానితో జత కట్టింది. మంచు కరుగుతుంటే ఏటి పక్క దిబ్బలో గుహ తవ్వుకుంది. నెల చివరికి చప్పుడు అదే చోట నుంచి వస్తోంది, మెల్లగా, బతికున్న చప్పుడే. ఇదంతా ఆండాళ్‌కి చెప్పలేదు, నాకు చెప్పాడు.

"పిల్లల్ని పెడుతుందండీ. ఆ ఏటి పక్క లోయలోకే కారిబూలు ఈనడానికి వస్తాయి. దారిలో ఉన్నాయి. ఆఫీసులో అందరూ ఈ ఏడు దూడలు బతుకుతాయనే ధీమాలో ఉన్నారు."

"అయితే ఏమంటావు?"

"ఏమంటాను? మాటిచ్చాను కదా" అన్నాడు. అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. ఆ రోజుల్లో మనిషి ఎండిపోయాడు. రెండు వైపులా తల్లులు నిలబడి నిలదీస్తుంటే మధ్యన ఇరుక్కున్నవాడిలా ఉండేవాడు. నాకు జాలి వేసింది, భయమూ వేసింది. పురుడు దగ్గరపడే కొద్దీ ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడుకోవడం లేదు.

మే మొదటివారంలో ఆండాళ్‌కి ఆడపిల్ల పుట్టింది. ఏ లోపమూ లేదు. గుప్పిళ్ళు బిగించి ఆస్పత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. నర్సు నవ్వుతూ పిల్లని తండ్రి చేతికి అందించబోతే "నాట్ యెట్" అని వెనక్కి జరిగాడు. పురిటి మైల పోయి, గడ్డం తీసి, తలస్నానం చేశాకే ఎత్తుకుంటానన్నాడు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషని ముందే అన్నాను కదా. ఆ పది రోజులూ గుమ్మంలో నుంచునే చూసేవాడు. పిల్ల ఆవులిస్తే తనూ నోరు తెరిచేవాడు. "ముక్కు నాదే కదండీ వదినగారూ?" అని రోజుకి పదిసార్లు అడిగేవాడు. "నీ ముక్కెక్కడయ్యా, గడ్డం తప్ప నాకేం కనబడటం లేదు" అని ఏడిపించేదాన్ని.

తర్వాత సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ ఏడు దూడలు బతికాయి. సెప్టెంబరులో తల్లుల వెనకాల దూడలు పరుగెత్తడం దామోదర్ ప్లేన్‌లోంచి చూశాడు. ఎనభైల నడిమికి ఆ మంద మళ్ళీ వేలల్లోకి పెరిగింది. తోడేళ్ళ వేట ఆపేశారు, అవీ మళ్ళీ పెరిగాయి. ఆఫీసువాళ్ళు మెచ్చుకుని అతనికి చెక్క మీద పేరు చెక్కించి ఇచ్చారు. ఎనభై ఎనిమిదిలో ఉద్యోగం మారి, అలాస్కా వదిలేసి క్యారీ అనే ఊరికి వెళ్ళిపోయారు. అతను చేసిన పని తప్పని నిరూపించగలిగినవాళ్ళు ఎవరూ లేరు, నేనూ ప్రయత్నించను. ఆండాళ్‌కి మాత్రం మరో బిడ్డ పుట్టలేదు. డాక్టర్లు కారణం కాదు, అదే వద్దంది.

పదకొండో రోజు పొద్దున్నే తల్లికీ పిల్లకీ నీళ్ళు పోసి, సాంబ్రాణి వేసి, అతన్ని పిలుద్దామని వస్తే అద్దం ముందు నుంచుని ఉన్నాడు. గడ్డం లేదు. ఎన్నాళ్ళకి చూశాను ఆ మొహం! పిల్లది అచ్చం అదే గడ్డం నొక్కు. "రావయ్యా, ఎత్తుకుందువు గాని" అన్నాను.

"ఒక్క పని మిగిలిపోయింది. అది పెట్టుకుని పిల్లని ముట్టుకోలేను. లైల్ వెయిట్ చేస్తున్నాడు, మధ్యాహ్నానికి వచ్చేస్తాను" అని కోటు వేసుకుని వెళ్ళిపోయాడు.

"ఇవాళా ఆఫీసేనా! రెక్కలు విరిచి పెట్టాలి ఆ ప్లేన్‌కి" అని తిట్టుకుంటూ పాయసం పొయ్యి మీద పెట్టాను.

వచ్చేసరికి భోజనాల వేళ దాటింది. బూట్లకి ఏటి బురద. మొహంలో నెలల తర్వాత మొదటిసారి ప్రశాంతత చూశాను. తిన్నగా స్నానానికి వెళ్ళాడు. తడి జుట్టుతో వచ్చి గుమ్మంలో నుంచున్నాడు. ఆండాళ్ మంచం మీద పిల్లకి పాలిస్తోంది.

"పని అయిపోయింది" అన్నాడు. "నువ్వు కనేదాకా అన్నాను. ఆ మాట నిలబెట్టుకున్నాను, పురుడు వెళ్ళేదాకా కూడా ఆగాను. కారిబూలు లోయలోకి వచ్చేశాయి ఆండాళ్, రేపో మాపో ఈనుతాయి. ఇంకా ఆగితే ఇన్నాళ్ళు చేసిందంతా వ్యర్థం. ఆ తోడేలుని దాచింది నేను కాబట్టి కాల్చడానికీ నేనే వెళ్ళాలి."

"దాని పిల్లలో?" అన్నాను.

"కళ్ళు కూడా తెరవలేదండీ. ఒక్కోదానికీ సూది వేశాను. నొప్పి తెలియనివ్వలేదు."

గొప్ప కోసం చెప్పలేదు. అడిగాను కాబట్టి చెప్పాడు. తర్వాత నవ్వుతూ ముందుకు వచ్చి, పిల్ల కోసం రెండు చేతులూ చాచాడు.

ఆండాళ్ పిల్లని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. అరవలేదు, ఏడవలేదు. మెల్లగా అడిగింది. "తల్లికి పాలు ఉన్నాయా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. కానీ దామోదర్‌కి రెండోసారి అబద్ధం రాలేదు. "ఉన్నాయి" అన్నాడు.

"అదీ నాలాగే పచ్చి బాలింత కదండీ" అంది ఆండాళ్. చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. మా చెల్లెలు పిల్లని ఇవ్వలేదు.